చిన్న పొక్లెయినే కదా అనుకుంటున్నారా? ఉద్దానం ఇసుకలో బండి బోల్తా పడేది ఇలాగే.. ఎక్కే ముందు ఇవి తెలుసుకోండి

పలాస జీడి తోటలు, కవిటి కొబ్బరి తోటలు, టెక్కలి సందుల్లో డ్రైనేజీ పనులు.. పెద్ద జేసీబీ దూరలేని చోటికి ఇప్పుడు వస్తోంది బుల్లి పొక్లెయిన్. ఇంటికీ ఇంటికీ మధ్య సందులోకి వెళ్తుంది. చెట్టుకీ చెట్టుకీ మధ్య తిరుగుతుంది. గునపం, పారతో రోజంతా పట్టే గొయ్యిని కాసేపట్లో తవ్వి పెడుతుంది. అద్దె కూడా పెద్ద బండి కంటే తక్కువే. గిరాకీ పెరగడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

అయితే ఈ బండి దగ్గర ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది. "చిన్న బండే కదా, ఏటవుద్దిలే!" అసలు ప్రమాదం ఆ మాటలోనే ఉంది. ఎందుకంటే చిన్న పొక్లెయిన్ పెద్ద దానికంటే తొందరగా బోల్తా పడుతుంది.

జేసీబీ వేరు, పొక్లెయిన్ వేరు

పసుపు రంగులో ఉండి మట్టి తవ్వేది ఏదైనా మనకు జేసీబీనే. నిజానికి జేసీబీ అనేది జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లండ్‌లో పెట్టిన కంపెనీ పేరు. పొక్లెయిన్ కూడా ఓ ఫ్రెంచ్ కంపెనీ పేరే. మన దగ్గర నాలుగు టైర్లు, ముందు పెద్ద తొట్టి, వెనక తవ్వే చెయ్యి ఉన్నది జేసీబీ అయింది. చైన్ల మీద నడుస్తూ చుట్టూ తిరిగేది పొక్లెయిన్ అయింది.

పేరులో ఏముందిలే అనుకోవద్దు. పదేళ్లు జేసీబీ తోలిన డ్రైవర్‌ని "ఇదీ అలాంటిదేగా అన్నా, ఎక్కు" అని చిన్న పొక్లెయిన్ ఎక్కిస్తే ఏమవుతుంది? పొక్లెయిన్ పద్ధతిలో ఎడమ చేతి లివర్‌ని ముందుకు తోస్తే ఆర్మ్ కదులుతుంది. బ్యాక్‌హో పద్ధతిలో అదే లివర్‌ని ముందుకు తోస్తే మొత్తం బూమ్ కిందికి దిగుతుంది. మామూలుగా ఉన్నంతసేపూ డ్రైవర్ ఆలోచించి లివర్ కదుపుతాడు. ఎవరో "ఆగు ఆగు" అని కేకేసిన క్షణంలో మాత్రం చెయ్యి పాత అలవాటు ప్రకారమే పోతుంది. అందుకే కొత్త బండి ఎక్కినప్పుడు మొదటి పావుగంట ఖాళీ స్థలంలో, చుట్టూ ఎవరూ లేకుండా లివర్లు ఒక్కొక్కటీ కదిపి చూసుకోవాలి.

ఇంకో పెద్ద తేడా ఉంది. జేసీబీ తవ్వేటప్పుడు వెనక రెండు కాళ్లు కిందికి దించి నిలబడుతుంది. చిన్న పొక్లెయిన్‌కి ఆ కాళ్లు ఉండవు. ఉన్నదల్లా ఒక పక్క చిన్న బ్లేడు. చాలామంది దాన్ని మట్టి చదును చేయడానికే అనుకుంటారు. తవ్వేటప్పుడు దాన్ని నేలకి ఆనిస్తే బండికి కాస్త ఊతం దొరుకుతుంది.

చైన్లు నడిపే లివర్ల సంగతి మరీ తమాషా. పైన క్యాబిన్ గుండ్రంగా తిరుగుతుంది, కింద చైన్లు మాత్రం అలాగే ఉంటాయి. క్యాబిన్ పూర్తిగా వెనక్కి తిరిగి ఉన్నప్పుడు లివర్ ముందుకు తోస్తే బండి డ్రైవర్ వెనకవైపుకి పోతుంది! వెనక గొయ్యి ఉంటే అందులోకే. కదిలే ముందు బ్లేడు ఎటువైపు ఉందో ఒక్కసారి చూసుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

కావడి లెక్క

కావడి మోసినవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. ఒక పక్క బరువు పెరిగినా, అదే బరువు భుజానికి దూరంగా జరిగినా కావడి ఆ పక్కకి వాలిపోతుంది. పొక్లెయిన్ కూడా అంతే. బకెట్‌లో మట్టి అంతే ఉన్నా, చెయ్యి పూర్తిగా చాచినప్పుడు బండిని లాగే బలం చాలా ఎక్కువ.

చిన్న పొక్లెయిన్లు ఒకటిన్నర టన్ను నుంచి ఆరు టన్నుల లోపు ఉంటాయి. రెండు చైన్ల మధ్య వెడల్పు సైజును బట్టి ఒకటి నుంచి రెండు మీటర్లే. ఒక ఘనపు మీటరు మట్టి బరువే దాదాపు టన్నున్నర ఉంటుంది. తడిస్తే ఇంకా ఎక్కువ. ఇప్పుడు ఆలోచించండి. చైన్ల పొడవు దిశలో తవ్వుతున్నంతసేపూ బండి నిలకడగానే ఉంటుంది. అదే చైన్లకి అడ్డంగా, పక్కకి తిరిగి, చెయ్యి చాచి, నిండు బకెట్ ఎత్తితే అవతలి చైన్ గాల్లోకి లేస్తుంది. లేచిన వెంటనే బకెట్ కిందికి దించేస్తే సరిపోతుంది. కంగారులో ఇంకో పక్కకి తిప్పాడా, అంతే సంగతులు.

వాలు మీద నడిపేటప్పుడు నేరుగా ఎక్కాలి, నేరుగా దిగాలి. అడ్డంగా నడపకూడదు. బకెట్ నేలకి అడుగు ఎత్తులోనే ఉండాలి. జారుతున్నట్టు అనిపిస్తే వెంటనే నేలకి దించితే అదే బ్రేకు. నిండు బకెట్‌ని పల్లం వైపు తిప్పడం ఎంత అనుభవం ఉన్నవాళ్లకైనా వద్దు.

సీటు బెల్టు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. "కారులో స్పీడుగా పోతాం కాబట్టి బెల్టు, ఇది నడిచే మనిషంత స్పీడు కూడా పోదుగా" అంటారు. బెల్టు స్పీడు కోసం కాదు. బండి ఒరిగినప్పుడు ఎవరికైనా దూకేయాలనిపిస్తుంది. దూకిన మనిషి పడేది బండి ఒరుగుతున్న వైపే. పైన ఉన్న క్యాబిన్ స్తంభాలు వచ్చి అతని మీదే పడతాయి. ఆ స్తంభాలు లోపల ఉన్న మనిషిని కాపాడటానికి పెట్టినవి. అవి కాపాడాలంటే మనిషి లోపలే ఉండాలి కదా!

ఉద్దానం నేల వేరు

ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా తీరం వెంబడి ఉన్న నేల చాలాచోట్ల ఇసుక, ఎర్ర ఇసుక. కొబ్బరికీ జీడికీ బంగారం లాంటి నేల. గోతి అంచు నిలబడటానికి మాత్రం ఇంత అధ్వానం మరోటి లేదు. బంక మట్టి అయితే పడబోయే ముందు బీటలు కనిపిస్తాయి. ఇసుక ఏ హెచ్చరికా ఇవ్వదు. పైగా సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో కాస్త లోతుకే నీరు ఊరుతుంది. కింద నుంచి నీరు, పైన బండి అదురు. గోడ అడుగున కరిగి పై భాగం ఒక్కసారిగా కూలుతుంది.

కేంద్ర ప్రజా పనుల శాఖ భద్రతా నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. లోతు 1.5 మీటర్లు, అంటే దాదాపు ఐదడుగులు దాటితే గోతి గోడల్ని మెట్లుగానో వాలుగానో తవ్వాలి, లేదా చెక్కలతో దన్ను కట్టాలి. తవ్విన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు, లేదా గోతి లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలి. 1.2 మీటర్లు దాటిన లోతులో ప్రతి 30 మీటర్లకీ ఒక నిచ్చెన ఉండాలి. కింద నుంచి గుల్లగా తవ్వి పై మట్టిని పడగొట్టడం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు.

మరి మన దగ్గర పైపులైన్ పని ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. తవ్విన మట్టి అంచు మీదే గుట్ట. ఆ గుట్ట పక్కనే బండి. ఆ రెండింటి కిందా, గోతిలో వంగి పైపు సరిచేస్తున్న హెల్పర్. ఛాతీ లోతు మట్టిలో కూరుకుపోయిన మనిషికి తల బయటే ఉన్నా ఊపిరి ఆడకపోవచ్చు. ఊపిరి వదిలిన ప్రతిసారీ చుట్టూ ఇసుక ఇంకాస్త బిగుస్తుంది. తిరిగి ఛాతీ విచ్చుకోవడానికి చోటుండదు.

అలా జరిగితే మొదట బుర్రకి తట్టేది బండితో తవ్వి తీద్దామనే. అది మాత్రం చేయొద్దు. మనిషి ఎక్కడున్నాడో కనిపించని మట్టిలో బకెట్ పళ్లు దించితే కాపాడబోయి ప్రాణం తీసినట్టవుతుంది. ఇంజిన్ ఆపేసి, అదురు లేకుండా చేసి, 108కీ 101కీ ఫోన్ కొట్టి, మనిషి దగ్గర చేతులతో, చిన్న పారలతోనే తీయాలి. మిగతావాళ్లు అంచు మీద గుంపు కట్టకూడదు.

గోతి అంచున బండి నిలిపేటప్పుడు చైన్లు అంచుకి ఎదురుగా ఉండాలి కానీ సమాంతరంగా ఉండకూడదు. అంచు జారితే లివర్ లాగి నేరుగా వెనక్కి వచ్చేయొచ్చు. తోటల్లో పాత నేలబావులు ఎక్కడున్నాయో రైతుని అడిగి తెలుసుకున్నాకే బండి దించాలి. గడ్డి కప్పేసిన బావి క్యాబిన్‌లో కూర్చున్నవాడికి కనిపించదు.

తుపాను తర్వాత

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి, మధ్యలో 165 దాకా ఈదురు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు తోటలకు తోటలే నేలకూలాయి. కొబ్బరి మొదళ్లని అలా వదిలేయడానికి లేదు. కుళ్లిన మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది, అది మిగిలిన చెట్లనీ తినేస్తుంది. దాంతో మొదళ్లు తీయడమే పెద్ద పని. ఈ తీరానికి ఇది చివరి తుపానూ కాదు. కాబట్టి ఈ పని ఎలా చేయాలో తెలిసి ఉండాలి.

పడిపోయిన జీడి చెట్టు చూడ్డానికి చచ్చి పడున్నట్టే ఉంటుంది. లోపల మాత్రం విల్లులా బిగుసుకుని ఉంటుంది. సగం వేళ్లు ఇంకా నేలలోనే. కొమ్మల మీద మాను బరువు ఆగి ఉంటుంది. మానుని రంపంతో కోసిన మరుక్షణం, వేళ్లతో లేచి ఉన్న మొదలు ఎగిరి మళ్లీ గోతిలోకి కూర్చుంటుంది. ఆ గోతిలో మనిషి నిలబడి ఉంటే? అందుకే కోసేటప్పుడు పొక్లెయిన్ బకెట్‌తో మొదలుని వెనక నుంచి ఆనించి పట్టుకోవాలి. రంపం పట్టిన వ్యక్తి తప్ప ఇంకెవరూ దగ్గర ఉండకూడదు. డ్రైవర్, రంపం మనిషి ముందే సైగలు మాట్లాడుకోవాలి. ఇంజిన్ చప్పుడులో కేకలు వినబడవు.

మొదలు తీసేటప్పుడు ఒకే పక్క నుంచి గుంజకూడదు. చుట్టూ వేళ్లు తెంపుకుంటూ వచ్చి, ఆ తర్వాతే లాగాలి. లాగుతుంటే చైన్ల వెనక భాగం లేస్తోందంటే ఆ బండి శక్తి అంతే. ఇంకాస్త గుంజితే మొదలు రావడం కాదు, బండి పోతుంది. గొలుసు కట్టి లాగడం ఇంకో తలనొప్పి. తెగిన గొలుసు కొరడాలా వచ్చి క్యాబిన్‌కి తగులుతుంది.

నిలబడి ఉన్న కొబ్బరి చెట్టుని చిన్న పొక్లెయిన్‌తో తోయడం అసలే వద్దు. కింద తోస్తుంటే పైన ఊగుతుంది. విరిగిన తల కానీ గెల కానీ పడేది తోస్తున్న వాడి నెత్తి మీదే.

పైన తీగ, కింద పైపు

తోటల్లో మోటార్లకి వెళ్లే కరెంటు తీగలు ఎంత కిందికి వేలాడుతుంటాయో ఈ ప్రాంతం వాళ్లకి చెప్పక్కర్లేదు. డ్రైవర్ చూపు ఎప్పుడూ బకెట్ పళ్ల మీదే ఉంటుంది. బూమ్ మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో చూడడు. తీగకి తగలాల్సిన పని కూడా లేదు. హైటెన్షన్ లైన్‌కి దగ్గరగా వెళ్తే చాలు, కరెంటు దూకి వస్తుంది. 11 కేవీ లైన్ నుంచి బండిలో ఏ భాగమూ కనీసం మూడు మీటర్ల దగ్గరికి రాకూడదన్నది చాలా దేశాల్లో పాటించే లెక్క. అంతకంటే దగ్గర పని తప్పదంటే 1912కి ఫోన్ చేసి లైన్ ఆపించాలి. "లైన్‌మేన్ మనోడే, ఆపేశాడంట" అన్న మాట మీద కాదు, ఆపినట్టు ఆయన నోటి నుంచే విన్నాక మొదలెట్టాలి.

తగిలితే? డ్రైవర్ క్యాబిన్‌లోనే కూర్చోవాలి. లివర్లు తప్ప ఏ ఇనుమూ ముట్టుకోకూడదు. వీలైతే బూమ్ దూరంగా జరపాలి. ఎవర్నీ దగ్గరికి రానివ్వకూడదు. బండి అంటుకుంటే తప్ప దిగకూడదు. దిగక తప్పకపోతే ఒక చెయ్యి బండి మీద, ఒక కాలు నేల మీద ఉండకుండా, రెండు కాళ్లూ కలిపి దూరంగా దూకాలి. తర్వాత పెద్ద అడుగులు వేయకుండా, పాదాలు ఆనించి జరుపుకుంటూ పోవాలి.

ఇక కింద సంగతి. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి నీళ్లు తెచ్చే ప్రాజెక్టు 2023 డిసెంబరు 14న ప్రారంభమైంది. సుమారు 700 కోట్ల ఖర్చు, 807 గ్రామాలు. ఆ నీళ్లొచ్చే పైపులన్నీ నేలలోనే ఉన్నాయి. కిడ్నీ రోగులున్న ఊరికి వచ్చే మంచినీటి పైపుని సెప్టిక్ ట్యాంకు గొయ్యి కోసం పగలగొడితే ఆ ఊరు మళ్లీ బోరు నీళ్లకే పోవాలి. తవ్వే ముందు గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని అడగడానికి పది నిమిషాలు పడుతుంది. కేబుళ్లు, గ్యాస్ లైన్ల కోసం కేంద్రం 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. ఎక్కడ తవ్వుతున్నారో అందులో పెడితే ఆ దారిలో లైన్లు ఉన్న సంస్థలకి సమాచారం వెళ్తుంది. ఆ తర్వాత కూడా అనుమానం ఉన్నచోట ముందు గునపంతో చూసుకుని, ఆ తర్వాతే బకెట్ దించాలి.

చూసేవాళ్లూ జాగ్రత్త

2019 మేలో 'జేసీబీ కీ ఖుదాయీ' దేశమంతా ట్రెండ్ అయింది గుర్తుందా? బండి తవ్వుతుంటే చుట్టూ జనం నిలబడి చూడటం మీద వచ్చిన మీమ్స్ అవి. నవ్వుకున్నాం, బాగుంది. కానీ ఆ నిలబడే చోటే ప్రమాదం. పొక్లెయిన్ పై భాగం తిరిగినప్పుడు వెనక ఉన్న బరువు కూడా తిరుగుతుంది. డ్రైవర్‌కి అది కనిపించదు. గోడకీ ఆ బరువుకీ మధ్య చిక్కుకునేది ఎక్కువగా హెల్పరే. తిరిగే భాగానికీ దగ్గర్లోని గోడకీ మధ్య అర మీటరుకి పైగా ఖాళీ ఉండాలని బ్రిటన్ భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ చెబుతోంది. సందుల్లో అంత చోటు దొరకదు. అక్కడ వెనక భాగం చైన్ల వెడల్పు దాటని 'జీరో టెయిల్' బండి తెచ్చుకోవడం, ఆ పక్క నుంచి ఎవరూ రాకుండా తాడు కట్టడం మేలు.

వీడియో తీసేవాళ్లు చాచిన బూమ్ పొడవుకి అవతలే ఉండాలి. బకెట్‌లో మనుషుల్ని ఎక్కించి నాయకుల మీద పూలు చల్లించే సరదా ఉంది చూశారూ, ఆ బకెట్ మనుషుల్ని ఎత్తడానికి చేసింది కాదు. హైడ్రాలిక్ పైపు ఒక్కటి తెగితే పూలతో పాటు మనిషీ కిందికి వస్తాడు.

ఆ పైపుల గురించి ఇంకో మాట. సన్నగా ఆయిల్ చిమ్ముతుంటే ఎక్కడి నుంచో అని వేలితో తడమొద్దు. ఆ ఒత్తిడికి ఆయిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, లోపల కండ కుళ్లిపోతుంది. అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. వేలికి తగిలితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నడుం నొప్పి బిళ్ల

ఉద్దానంలో ఈ విషయం చెప్పకుండా పొక్లెయిన్ గురించి చెప్పడం కుదరదు. ఏసీ లేని క్యాబిన్, కాళ్ల పక్కనే వేడి ఇంజిన్, పైన ఎండ. రోజంతా అదురుకి నడుం పట్టేస్తుంది. సాయంత్రం మెడికల్ షాపులో ఓ నొప్పి బిళ్ల. పొద్దున్న మళ్లీ ఓ బిళ్ల వేసుకుని బండి ఎక్కడం.

ఇక్కడి కిడ్నీ జబ్బుకి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు. ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గిపోవడం పాత్ర ఎంత అన్నది పరిశోధకులు చూస్తున్న కోణాల్లో ఒకటి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు కిడ్నీలకి హాని చేస్తాయన్నది మాత్రం డాక్టర్లు ఎప్పటి నుంచో చెబుతున్నదే. ఒంట్లో నీరు లేనప్పుడు వేసుకుంటే ఇంకా ఎక్కువ. ఎండలో పనిచేసేవాళ్లు 15–20 నిమిషాలకో గ్లాసు నీళ్లు తాగాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచన. ఇప్పటికే కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి. ఆపరేటర్లు దిగి మూత్రానికి వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తగ్గిస్తుంటారు. ఎందుకంటే బండి గంట లెక్క. దిగితే యజమాని ముఖం మారుతుంది, పని చేయించుకునే రైతు గడియారం చూస్తాడు. గంటకి ఐదు నిమిషాలు నీళ్లకి, నడుం చాచుకోవడానికి అని అద్దె మాట్లాడుకునేటప్పుడే చెప్పేసుకుంటే ఆ గొడవ ఉండదు.

రోడ్డు మీదికి వస్తే

టైర్ల మీద నడిచే జేసీబీ లాంటివి మోటారు వాహన నిబంధనల్లో 'నిర్మాణ పరికర వాహనాలు'. రోడ్డు మీద కాసేపు, గంటకి 50 కిలోమీటర్లు దాటకుండా పోవచ్చు. ఇనుప చైన్ల పొక్లెయిన్ ఆ లెక్కలోకి రాదు. ఒక సైటు నుంచి ఇంకో సైటుకి లారీ మీదే వెళ్లాలి. టెక్కలి గ్రానైట్ క్వారీల్లో నడిపితే అది మళ్లీ గనుల భద్రత చూసే డీజీఎంఎస్ పరిధి, నిబంధనలు వేరు.

లారీ ఎక్కించేటప్పుడు చూశారా? పలకలు లేకుండా బకెట్‌ని లారీ మీద ఆనించి, బండి ముందు భాగాన్ని లేపి, పాకించుకుంటూ ఎక్కిస్తారు. వీడియోకి బాగుంటుంది, లైకులూ వస్తాయి. చైన్ జారితే మాత్రం డ్రైవర్‌తో సహా లారీ పక్కన పడుతుంది. గట్టి ర్యాంపులు, చదును నేల, లారీ చక్రాలకి అడ్డు రాళ్లు, పక్కన ఎవరూ లేకపోవడం.. ఎక్కించాక బూమ్ మడిచి కిందికి దించి, గొలుసులతో కట్టాలి. ఎత్తుగా వదిలేసిన బూమ్ ఎన్‌హెచ్ 16 దాటేలోపే ఏదో ఒక తీగని పట్టుకుంటుంది.

పని అయ్యాక బండిని గోతి అంచు నుంచి దూరంగా తెచ్చి, చదును నేల మీద నిలిపి, బకెట్, బ్లేడు రెండూ నేలకి ఆనించాలి. దిగే ముందు పక్కనున్న లాక్ లివర్ వేయాలి. అది వేయకపోతే దిగేటప్పుడు చొక్కా అంచు జాయ్‌స్టిక్‌కి తగిలినా బూమ్ కదులుతుంది. ఇంజిన్ ఆపాలి, తాళం చెవి తీసి జేబులో వేసుకోవాలి. ఊళ్లో రాత్రి నిలిపిన బండి మీదికి ఎక్కడానికి పిల్లలు ఎప్పుడూ రెడీగానే ఉంటారు.